పాత కారు వదలిన తెల్లని పొగ

కారు నడుపుట నేర్చుకొన్నవారికి మొదటి పది దినముల అవస్థ చిరకాలము జ్ఞాపకముండును. ఎడమకాలు క్లచ్చిపైన, కుడికాలు ఒకమారు బ్రేకుపైన, మరియొకమారు యాక్సిలరేటరుపైన, ఎడమచేయి గేరుకడ్డీపైన. ఇవన్నియు ఒక తాళమునకు కుదిరినగాని బండి ముందునకు సాగదు. తాళము తప్పినచో నడివీథిలో నాలుగు కుదుపులు కుదిపి నిలిచిపోవును. అంబాసిడరు, ఫియట్ కారులు మన వీథులను ఏలిన కాలమున ఈ తాళజ్ఞానము అలవడనివాడు డ్రైవరు కాలేకపోయెను.

ఈ శ్రమను మనుష్యుని కాలుసేతులనుండి తప్పించి యంత్రమునకు అప్పగించినదే ఆటోమేటిక్ గేరుబాక్సు. ఇందులో తొక్కవలసిన క్లచ్చి లేదు. ఏ గేరులో ఎంతసేపు ఉండవలెనో, ఎప్పుడు మారవలెనో, ఆ నిర్ణయమంతయు యంత్రమే చేసికొనును. అట్టి యంత్రము చెడినప్పుడు సామాన్యుడు భయపడుట సహజము. లోపల నున్నది మనకు కనబడదు, అర్థము కాదు. విప్పినవాడు చెప్పినదే వేదము. అయినను, ఆ యంత్రము మొత్తము చెడినట్లు కనబడిన వేళ నిజముగా చెడినది ఒక చిన్న రబ్బరు పొర మాత్రమే కావచ్చును. ఆ సంగతి తెలిసికొనుట ఎట్లు, తెలిసికొని దానిని మార్చుట ఎట్లు అను విషయమును ఈ ప్రసంగమున వివరింప దలచితిమి. ఇది మాకు పుస్తకములవలన మాత్రమే తెలిసినది కాదు. మా మేనమామగారి ఇంట జరిగిన ఒక సంగతి మూలమున తెలిసినది.

మామయ్యగారు 1971లో గణితశాస్త్రమున పరిశోధన చేయుటకై అమెరికా వెళ్లిరి. 1965లో ఆ దేశపు వలస చట్టము మారిన పిదప అక్కడికి వెళ్లి స్థిరపడిన మన తెలుగువారి తొలి తరములోనివారు. డెట్రాయిట్ నగరమునకు సమీపమున వారి కాపురము. 1974లో వారు కొన్నది 1972 నాటి కారు. రెండేండ్లు ఎవరో వాడి అమ్మిన బండి. అత్తయ్యగారు తెనాలిలో ఉన్నంతకాలము సైకిలైనను ఎక్కి ఎరుగరు. అట్టి ఆమె ఆ కారుమీద కొలది వారములలోనే నడుపుట నేర్చుకొనిరి. క్లచ్చి లేకపోవుటయే అందుకు కారణమని ఆమె ఇప్పటికిని చెప్పుదురు. బస్సులు అరుదైన ఊరిలో, ఆరునెలలు మంచు కురియు చోట, కారు నడుపగలుగుట అనగా ఇల్లు దాటి బయటి ప్రపంచమున అడుగిడగలుగుట. ఆమె గ్రంథాలయమున ఉద్యోగము చేసినది, పిల్లలను బడికి దింపినది, ఆసుపత్రికి పోయి వచ్చినది ఆ కారులోనే. పిమ్మట ఎన్ని కొత్త కారులు వచ్చినను, ఆ పాతదానిని వారు అమ్మలేదు. ఎండకాలమున అప్పుడప్పుడు బయటికి తీయుచుండిరి.

కొన్నేండ్ల క్రిందట మేము వారింటికి వెళ్లినప్పుడు ఆ కారు గ్యారేజీలో ముసుగు వేసికొని ఉన్నది. సంగతి అడిగితిమి. ఇంజను తిప్పగానే వెనుకగొట్టమునుండి మేఘము వలె తెల్లని పొగ వచ్చుచున్నదట. మునుపు గేరు మారినట్లే తెలియకుండ మారెడి బండి, ఇప్పుడు ఇంజను గట్టిగా అరచిన పిదపగాని మారుట లేదు, మారినప్పుడు వెనుకనుండి ఎవరో తన్నినట్లు కుదుపుచున్నది. గేరుబాక్సులో నూనె తగ్గిపోవుచున్నది. పోసిన కొలది తగ్గుచున్నది. కాని నేలమీద ఒక్క చుక్కయు కారుట లేదు. ఒక పెద్ద మరమ్మతు షెడ్డువారు చూచి, గేరుబాక్సు పూర్తిగా అరిగిపోయినదనియు, క్రిందికి దింపి విప్పి కట్టవలెననియు, అందుకు వేల డాలర్లగుననియు, అంత ఖర్చుకు ఈ కారు తగదనియు తీర్పు చెప్పిరి.

"యాభై ఏళ్లు మోసింది బాబూ. తుక్కు కింద తూచి ఇచ్చెయ్యమంటే నాకు చేతులు రావడం లేదు" అని అత్తయ్యగారు అనిరి.

ఈ కథ ఎట్లు ముగిసినదో చెప్పుటకు ముందు ఆ గేరుబాక్సు లోపల జరుగు పని కొంత తెలిసికొనవలెను.

రెండు విసనకర్ర యంత్రములను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని తిప్పినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగును. ఆ రెండింటిని ఒకే డబ్బాలో మూసి, గాలికి బదులు నూనె నింపినచో ఆ తిరుగుడు మరింత బలముగా అందును. ఈ సూత్రమును ఓడలలో వాడుటకై జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫెటింగర్ 1905లో పేటెంటు పొందెను. ఇంజనునకును చక్రములకును నడుమ ఇనుప పట్టు లేకుండ నూనె పట్టు ఉండుటచేతనే ఆటోమేటిక్ కారు గేరులో ఉండియు, కూడలిలో ఇంజను ఆగిపోకుండ నిలువగలదు. ఈ నూనె కలయికకు తనంతతాను మారు గేరులను జోడించి, అధిక సంఖ్యలో తయారై అమ్ముడుపోయిన మొదటి గేరుబాక్సు జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కారులో అది తొలుత వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా వారి తేలిక ట్యాంకులలో సైతము అది పని చేసెను. ఆ వంశమున తరువాత 1964 నమూనా కారులలో టర్బో హైడ్రామాటిక్ 400, 1969 నమూనా కారులలో టర్బో హైడ్రామాటిక్ 350 వెలువడినవి. మామయ్యగారి కారులో నున్నది ఈ రెండవది. ముందునకు పోవుటకు మూడు గేరులు గలది.

దీనిలో నూనె మూడు పనులు చేయును. ఇంజను బలమును గేరులకు అందించుట ఒకటి. లోపలి క్లచ్చి పలకలను ఒత్తిడితో బిగించి ఒక గేరును పట్టుట, మరియొకదానిని వదలుట రెండవది. తిరుగు భాగములను చల్లబరచి అరుగకుండ కాపాడుట మూడవది. అందుచేత ఈ యంత్రమునకు నూనె నెత్తురు వంటిది. అది తగ్గినచో క్లచ్చి పలకలు జారును. జారినచో వేడెక్కి కాలును. అప్పుడు షెడ్డువారు చెప్పిన పెద్ద ఖర్చు నిజముగానే వచ్చి పడును.

సరే, గేరు ఎప్పుడు మారవలెనో ఎవరు నిర్ణయింతురు? పాత కారులలో కంప్యూటరు లేదు. అక్కడ న్యాయాధికారి ఒక చిన్న కవాటము, అనగా వాల్వు. దానిముందు ఇరువురు సాక్షులు నిలుతురు. మొదటి సాక్షి పేరు గవర్నరు. ఇది చక్రములకు పోవు ఇరుసుతో పాటు తిరుగుచు, బండి ఎంత వేగముగా పోవుచున్నదో నూనె ఒత్తిడి రూపమున చెప్పును. రెండవ సాక్షి పేరు మాడ్యులేటరు. ఇది ఇంజనుమీద ఎంత బరువు పడుచున్నదో చెప్పును. కవాటము తక్కెడ వంటిది. వేగము చెప్పు పళ్లెము బరువెక్కినప్పుడు గేరు పైకి మారును. బరువు చెప్పు పళ్లెము మొగ్గినంతసేపు మారక నిలిచియుండును. ఘాట్ రోడ్డుమీద లారీ డ్రైవరు ఇంజను మోత విని, పాదమునకు తగులు భారము గ్రహించి, పై గేరు వేయకుండ ఓపిక పట్టునుగదా. అతని చెవియు పాదమును చేయు పనినే ఇక్కడ మాడ్యులేటరు చేయుచున్నది.

ఇంజనుమీది బరువు దానికి ఎట్లు తెలియును? కొబ్బరిబొండములో గొట్టము పెట్టి పీల్చుట మనమందరము ఎరిగినదే. పెట్రోలు ఇంజను కూడ అట్లే గాలిని పీల్చును. యాక్సిలరేటరు వదలి యున్నప్పుడు గాలి దారి దాదాపు మూసికొని యుండును. అందుచేత పీల్పు బలముగా నుండును. ఆరోగ్యముగా నున్న ఇంజను నిలిచి తిరుగుచున్నప్పుడు, సముద్రమట్టమునకు దగ్గరి ప్రదేశములలో, ఈ పీల్పు సుమారు 17 నుండి 21 అంగుళముల పాదరసమునకు సమానము. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు గాలి దారి తెరచుకొనును, పీల్పు దాదాపు లేకుండ పోవును. కాబట్టి పీల్పు ఎక్కువైనచో బరువు తక్కువ, పీల్పు తక్కువైనచో బరువు ఎక్కువ. ఇంజను పీల్పును గేరుబాక్సునకు తెలుపుటకై ఒక సన్నని గొట్టము ఉండును. ఆ గొట్టము చివరనున్న రేకు డబ్బీయే మాడ్యులేటరు.

చూచుటకు అది కుంకుమభరిణె వలె నుండును. లోపల తప్పెట చర్మము వలె బిగించిన రబ్బరు పొర ఒకటి, దానిని నెట్టుచు ఒక స్ప్రింగు. పొరకు ఒక ప్రక్క ఇంజను పీల్పు, రెండవ ప్రక్క గేరుబాక్సు నూనె. పీల్పు బలముగా నున్నప్పుడు పొర స్ప్రింగును వెనుకకు లాగి పట్టును. నూనె ఒత్తిడి తగ్గి, గేరులు తొందరగాను మెత్తగాను మారును. పీల్పు తగ్గినప్పుడు స్ప్రింగు ముందునకు నెట్టును. ఒత్తిడి పెరిగి, గేరులు ఆలస్యముగాను గట్టిగాను మారును. బరువుమీద నున్నప్పుడు క్లచ్చి పలకలు జారకుండ గట్టిగా బిగియవలెను గనుక ఇట్లు ఏర్పరచిరి.

ఇప్పుడు ఆ రబ్బరు పొర చినిగినదనుకొనుడు. పొర చినుగుటతో పీల్పు స్ప్రింగును లాగి పట్టజాలదు. సాక్షి, బరువు లేకున్నను, బరువు ఎక్కువగా నున్నదని చెప్పుచుండును. గేరులు ఆలస్యముగా, కుదుపుతో మారును. అంతియే కాదు. పొరకు ఆవలి ప్రక్కనున్న నూనెను ఇంజను ఆ చినుగులోనుండి గొట్టముద్వారా పీల్చుకొని పెట్రోలుతో పాటు కాల్చివేయును. అందువలన తెల్లని పొగ. నూనె ఇంజనులోనికి పోవుచున్నది గనుకనే నేలమీద చుక్క కారుట లేదు. ఆలస్యపు గేరు, కుదుపు, పొగ, మాయమగు నూనె, ఈ నాలుగును నాలుగు రోగములు కావు. ఒక్క చినుగు చూపిన నాలుగు ముఖములు.

మామయ్యగారి పొరుగున ఒక వృద్ధుడు ఉండెను. నలుబది యేండ్లు మోటారు షెడ్డులో పని చేసి విశ్రాంతి తీసికొన్నవాడు. ఆయన కారును విప్పమనలేదు. మొదట ఒక్క ప్రశ్న వేసెను. "ఈ బండిలో మూడు ద్రవములున్నవి. రేడియేటరు నీరు, ఇంజను నూనె, గేరుబాక్సు నూనె. వీనిలో ఏది తగ్గుచున్నది?" ఆ ప్రశ్న విలువ మాకు పిదప తెలిసినది. ఇంజనులోనికి రేడియేటరు నీరు దిగినను తెల్లని ఆవిరి వచ్చును. కాని అది గాలిలో త్వరగా కరగిపోవును, రేడియేటరు నీరు తగ్గును. ఇంజను నూనె కాలినచో పొగ నీలిగా నుండును, ఇంజను నూనె కొలత తగ్గును. గేరుబాక్సు నూనె కాలినచో చిక్కని తెల్లని పొగ, కాలిన నూనె వాసనతో, చాలసేపు గాలిలో తేలుచుండును. మామయ్యగారు రేడియేటరును, రెండు కొలతకడ్డీలను చూచి, తగ్గినది గేరుబాక్సు నూనె ఒక్కటే అని చెప్పిరి.

రెండవ పరీక్ష ఇంకను సులభము. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, మాడ్యులేటరునకు తగిలించిన రబ్బరు గొట్టమును మెల్లగా ఊడదీయవలెను. ఆ గొట్టములో గాలి పీల్పు తప్ప మరేమియు ఉండరాదు. కొంచెము పెట్రోలు వాసన గల తేమ ఉన్నను ఉండవచ్చును. కాని ఎర్రని, జిడ్డుగల గేరుబాక్సు నూనె ఉండుటకు వేరొక కారణము లేదు. అది కనబడినచో పొర చినిగినదనియే అర్థము. మేము టార్చిలైటు పట్టుకొనగా మామయ్యగారు గొట్టము ఊడదీసిరి. ఆయన వ్రేలిమీద ఎర్రని చుక్క నిలిచినది. వేల డాలర్ల తీర్పు ఆ చుక్కతో తారుమారైనది.

గొట్టములో నూనె లేకపోయినను తొందరపడి గేరుబాక్సును అనుమానింపరాదు. గేరులు ఆలస్యముగా కుదుపుతో మారుచుండి, పొగ లేకయున్నచో, ముందుగా ఆ రబ్బరు గొట్టమునే చూడవలెను. సైలెన్సరు గొట్టపు వేడికి అది పగులుట, ఊడిపోవుట సామాన్యము. అప్పుడు ఇంజను నిలిచి తిరుగునప్పుడు కూడ వడకును. జానెడు గొట్టము మార్చినచో రెండును కుదురును. కొందరు పొగ ఆపుటకై గొట్టమును ఊడదీసి రంధ్రము మూసివేయుదురు. పొగ ఆగును గాని, అది మందు కాదు. ఒక సాక్షి నోరు కట్టివేసిన తక్కెడ ఎన్నడును సరిగా తూగదు.

ఇక మార్చు విధానము. క్రొత్త మాడ్యులేటరు ధర అక్కడ కొలది పదుల డాలర్లకు మించదు. కాని అంగడిలో కనబడిన డబ్బీని తెచ్చి పెట్టరాదు. చూచుటకు ఒకేవిధముగా నున్నను, పొడవులోను, లోపలి స్ప్రింగు బలములోను భేదములుండును. కారు సంవత్సరము, ఇంజను, గేరుబాక్సు రకము చెప్పి దానికి తగినదే తీసికొనవలెను. దానితో పాటు క్రొత్త రబ్బరు ఉంగరము, క్రొత్త గొట్టము ముక్క, తగిన జాతి నూనె ఉండవలెను. ఈ గేరుబాక్సునకు డెక్స్‌రాన్ జాతి నూనె వాడుదురు.

కారును సమతలమున నిలిపి, పార్కు గేరులో ఉంచి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు అడ్డు పెట్టితిమి. ముందు భాగమును పైకెత్తి గట్టి ఇనుప స్టాండ్లమీద నిలిపితిమి. ఒంటి జాకీని నమ్మి కారు క్రిందికి దూరుట ప్రాణాపాయము. పొరుగు వృద్ధుడు ఈ ఒక్క మాటను మాకు మూడుమార్లు చెప్పెను. సైలెన్సరు గొట్టము పూర్తిగా చల్లారువరకు ఆగితిమి. మాడ్యులేటరు గేరుబాక్సు వెనుక భాగమున, కుడిప్రక్క ఉండును. క్రింద ఒక తట్ట పెట్టి, గొట్టము ఊడదీసి, దానిని పట్టియుంచిన చిన్న పలక యొక్క ఒకే ఒక బోల్టును విప్పితిమి. చుట్టు త్రిప్పి లాగగా డబ్బీ బయటికి వచ్చినది, కొంత నూనె తట్టలో పడినది.

ఇక్కడ ఒక జాగ్రత్త కలదు. డబ్బీ వెనుక ఆ రంధ్రములోనే కనిష్ఠికా ప్రమాణమున ఒక చిన్న లోహపు కవాటముండును. డబ్బీతో పాటు అదియు జారి పడవచ్చును. పడినది గమనింపక క్రొత్త డబ్బీ బిగించినచో గేరుబాక్సు సరిగా పని చేయదు. మాకు అది తట్టలోని నూనెలో దొరికినది. ఏ చివర లోపలికి ఉండవలెనో వృద్ధుడు చూపెను. దానిని పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి రంధ్రములో పెట్టి, అడ్డులేకుండ జారుచున్నదో లేదో చూచితిమి. క్రొత్త రబ్బరు ఉంగరమునకు నూనె రాసి, డబ్బీని చేతితో నెట్టి కూర్చోబెట్టి, పలక పెట్టి బోల్టు బిగించితిమి. బలముగా బిగించినచో అల్యూమినియపు మరలు చెడును గనుక మితముగానే బిగించితిమి. క్రొత్త గొట్టము తగిలించుటతో పని ముగిసినది. ప్రారంభమునుండి చివరివరకు ఒక గంటకు మించలేదు. అందులో సగము స్టాండ్లు పెట్టుటకే పట్టినది.

పిమ్మట నూనె కొలత. కారును దించి, ఇంజను వేడెక్కు వరకు నడిపి, సమతలమున పార్కు గేరులో ఇంజను తిరుగుచుండగానే కడ్డీ చూడవలెను. కడ్డీమీద పోయుమను గీతకును, నిండినదను గీతకును నడుమ భేదము ఒక పైంటు, అనగా సుమారు అరలీటరు మాత్రమే. కాబట్టి కొంచెము కొంచెముగా పోయుచు చూడవలెను. ఎక్కువైనను కీడే. తిరుగు గేరులు దానిని చిలికి నురుగు చేయును, నురుగు క్లచ్చి పలకలను బిగింపజాలదు.

అంతయు ముగించి ఇంజను తిప్పగా మరల తెల్లని పొగ లేచినది! మామయ్యగారి ముఖము వాడిపోయినది. వృద్ధుడు నవ్వి, ఇంతకుముందు పీల్చిన నూనె ఇంజను గొట్టములలోను సైలెన్సరులోను ఇంకను మిగిలియున్నదనియు, అది కాలిపోవువరకు పొగ వచ్చుననియు చెప్పి, ఊరి వెలుపలికి పోయి రమ్మనెను. పోయి వచ్చుసరికి పొగ పలుచబడినది. మూడవనాటికి పూర్తిగా పోయినది. నూనె గీత కదలలేదు. గేరులు మునుపటివలె తెలియకుండ మారినవి.

ఈ కథ విని, గేరుబాక్సు చెడినప్పుడెల్ల ఈ డబ్బీయే కారణమని తలపరాదు. కడ్డీమీద నూనె ఎర్రగా నుండక గోధుమరంగు తిరిగి, మాడిన వాసన వచ్చుచు, ఇంజను అరచినను బండి కదలక జారుచున్నచో, క్లచ్చి పలకలు నిజముగానే కాలినవి. అప్పుడు విప్పక తప్పదు. చినిగిన పొరతో, తగ్గిన నూనెతో నెలల తరబడి నడిపినచో చివరికి దాపురించునదియు అదియే. మామయ్యగారు కారును ముసుగు వేసి నిలిపియుంచుట మేలైనది. నడుపుచునే ఉన్నచో, చిన్న రోగము పెద్దదై, షెడ్డువారి తప్పుతీర్పు కాలక్రమమున ఒప్పుతీర్పు అయి యుండెడిది.

యాభై యేండ్లకు ఒక రబ్బరు పొర చినుగుటలో తయారుచేసినవారి దోషము లేదు. వేడికిని నూనెకును రబ్బరు ముదియుట స్వభావము. దోషము వేరొకచోట ఉన్నది. పరీక్షింపక తీర్పు చెప్పుటలో ఉన్నది. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తుటలో ఉన్నది.

మన తెలుగుసీమలో నేడు తిరుగుచున్న ఆటోమేటిక్ కారులలో ఈ రేకు డబ్బీ కనబడదు. 1990 దశకమునాటికి పీల్పు గొట్టముల పనిని చాలవరకు విద్యుత్తు పరికరములును కంప్యూటరును తీసికొన్నవి. యాక్సిలరేటరు ఎంత తొక్కితిమో, చక్రములెంత వేగముగా తిరుగుచున్నవో తీగలమీద తెలిసికొని, విద్యుత్తుతో కదలు చిన్న కవాటములద్వారా కంప్యూటరే గేరులు మార్పించును. సాక్షులు మారిరి గాని న్యాయస్థానము మారలేదు. ఒక తీగ వదులైనను, ఒక కవాటము పట్టివేసినను, గేరుబాక్సు అంతయు పోయినట్లే తోచును. కాబట్టి అట్టి వేళ మీరు షెడ్డువారిని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. నూనె కొలత చూచితిరా? దాని రంగు, వాసన ఎట్లున్నవి? కంప్యూటరులో నమోదైన లోపమేమి? ఆ లోపమునకు సంబంధించిన చిన్న భాగమును, దాని తీగలను విడిగా పరీక్షించితిరా? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలిగినవాడు గేరుబాక్సు దింపవలెనన్నచో నమ్మవచ్చును. చెప్పలేనివానికి తాళపుచెవి ఇచ్చుటకు ముందు మరియొకరిని అడుగుట మంచిది.

మేము తిరుగు ప్రయాణమగు దినమున, విమానాశ్రయమునకు క్రొత్త కారు తీయబోయిన మామయ్యగారిని అత్తయ్యగారు వారించిరి. "ఏమండీ, మీరు వెనక కూర్చోండి. అబ్బాయిని నేను దింపి వస్తాను" అని ముసుగు తీసి, పాత కారు తాళము త్రిప్పిరి. మేము వెనుకకు తిరిగి చూచితిమి. గొట్టమునుండి పొగ రాలేదు.